కొసరు తినేసిన మెమరీ

నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ మా చుట్టాల్లో ఒక్కరికీ నా పనేమిటో అర్థం కాలేదు. కంప్యూటర్ పని అని మాత్రం తెలుసు. అందుకని ఫలక్‌నుమాలో ఎవరింట్లో ప్రింటర్ మొరాయించినా, పెళ్ళి వీడియో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కకపోయినా నాకే కబురొచ్చేది. ఒకసారి మా పెద్దమ్మ ఫ్రిజ్ చూడమని పిలిచింది. అది కూడా కరెంటుతోనే కదా నడిచేది అని ఆవిడ వాదన. నేను వెళ్ళి, వదులైన ప్లగ్గు గట్టిగా నొక్కి, చాయ్ తాగి వచ్చాను. ఆ రోజు నుంచి మా ఇంటివాళ్ళందరికీ నా చదువు మీద నమ్మకం కుదిరింది.

నిజానికి నేను రాసింది కెర్నెల్ డ్రైవర్లు. కంప్యూటర్‌లో అన్ని ప్రోగ్రాములకూ అడుగున ఉండి మొత్తం మెషీన్‌ను నడిపే ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. ప్రింటరో, కెమెరానో, తూకం వేసే కాంటానో, ఏ పరికరమైనా ఆ కెర్నెల్‌తో మాట్లాడాలంటే మధ్యలో ఒక ముక్క కోడ్ కావాలి. అది డ్రైవర్. అది బాగా నడిచినన్నాళ్ళూ అదొకటుందని కూడా ఎవరికీ తెలియదు. ఆగిపోయిన రోజు మాత్రం ఊరంతా వచ్చి మన గుమ్మంలో నిలబడుతుంది. పొగడ్తల మీద మోజున్న వాళ్ళు ఇటు రాకుండా వేరే పని చూసుకోవడం మంచిది.

ఈ మధ్యే రిటైరయ్యాను. కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలు కొందరు, మీ అనుభవాలు రాయండి మేడం అని వెంటపడ్డారు. ఏ ఏడు ఏ హోదా వచ్చిందో రాస్తే చదివేవాళ్ళకంటే ముందు నాకే నిద్రొస్తుంది. అందుకని ఒక్క సంగతి వివరంగా చెబుతాను. మెమరీ లీకు వల్ల ఒక కుర్రాడి ఉద్యోగం ఊడబోయిన సంగతి ఇది. నా పేరు కరుణ. కోడ్ చదివేటప్పుడు మాత్రం అది నా దగ్గర ఉండదని ఆఫీసులో అనుకునేవాళ్ళు. నిజమే.

టెంట్ హౌస్ పద్ధతి

మెమరీ గొడవ తెలియని వాళ్ళ కోసం ముందు నాలుగు మాటలు. మన పాతబస్తీలో పెళ్ళి చేసేవాళ్ళు పెద్ద వంటగిన్నెలు, అదే డేగిశాలు, కొనుక్కోరు. టెంట్ హౌస్ నుంచి అద్దెకు తెచ్చుకుంటారు, వంటయ్యాక కడిగి వెనక్కి ఇస్తారు. డ్రైవర్ కూడా అంతే. పని పడినప్పుడు కెర్నెల్‌ను కొంత మెమరీ అడిగి తీసుకుంటుంది, పనయ్యాక తిరిగి ఇచ్చేయాలి. మామూలు ప్రోగ్రాములు ఇవ్వకుండా ఎగ్గొట్టినా ఫరవాలేదు. వాటిని మూసేయగానే కెర్నెల్ వచ్చి తన సామానంతా తీసుకుపోతుంది. డ్రైవర్‌ను మాత్రం కెర్నెల్ ఇంటి మనిషిగా చూస్తుంది. ఇంటి మనిషిని లెక్క అడగదు. డ్రైవర్ తిరిగి ఇవ్వడం మర్చిపోతే, మెషీన్ ఆపి మళ్ళీ వేసేదాకా ఆ మెమరీ పోయినట్టే. దీన్నే మేము లీకు అంటాం.

పెళ్ళి సవ్యంగా జరిగితే డేగిశాలు వెనక్కి ఇవ్వడం అందరికీ గుర్తుంటుంది. పెళ్ళి మధ్యలో ఆగిపోయిందనుకోండి. మగపెళ్ళివారు అలిగి ఆటోలెక్కుతారు, మేనమామ చొక్కా పట్టుకుంటాడు, ఒక పక్క ఏడుపులు. ఆ గోలలో డేగిశాలు ఎవరికి గుర్తుంటాయి? నేను చూసిన లీకుల్లో చాలామటుకు ఇలా మధ్యలో ఆగిన పెళ్ళిళ్ళే. అందుకే డ్రైవర్ చదివేటప్పుడు పని సాఫీగా సాగే దారిని ఒకసారి చదివితే చాలు. పని మధ్యలో ఆపి వెనక్కి తిరిగే దారులు ఎన్నున్నాయో వెతికి, ఒక్కో దాన్నీ తాపీగా చదవండి.

కింద సుత్తులు, పైన మేము

మా కంపెనీ చిన్నది. ఎలక్ట్రానిక్ కాంటాలు తయారుచేసేది. బరువు చూపించి, ధర లెక్కగట్టి, చిట్టీ ప్రింటు చేసి ఇచ్చే రకం. యజమాని మూర్తి గారు. రాజమండ్రి వైపు నుంచి కుర్రతనంలో వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు, కానీ యాస మాత్రం గోదావరి దాటి రాలేదు. మనిషి మంచివారే. ఎవరినీ కేకలేయరు. కోపమొస్తే కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు. ఎంత ఎక్కువసేపు తుడిస్తే అంత ఎక్కువ కోపమని మాకు తెలుసు.

కాంటా డ్రైవర్ మొదట రాసింది ఆయనే. కంపెనీ పెట్టిన కొత్తలో, చేతిలో మనుషులు లేక, తానే కూర్చుని రాశారు. కొత్తగా ఎవరు చేరినా వాళ్ళకు చాయ్ తెప్పించి ఆ కథ చెప్పడం ఆనవాయితీ. నేను ఆ కథ ఎన్నిసార్లు విన్నానంటే, ఆయన మధ్యలో ఒక ముక్క మర్చిపోతే నేను అందించేదాన్ని. ఆ ఫైలు పైన ఆయనే ఒక వాక్యం రాసి పెట్టారు. ఇది పనిచేస్తోంది, దయచేసి ముట్టుకోవద్దు అని. మేమెవరం ముట్టుకోలేదు. బాసు రాసిన కోడ్‌ను చదవకుండానే మెచ్చుకోవడం మన దేశంలో ప్రతి ఆఫీసుకూ పట్టిన జబ్బు.

ఆఫీసు ఫలక్‌నుమాలో ఒక మేడ మీద ఉండేది. అద్దె తక్కువ. ఎందుకు తక్కువంటే కింద రషీద్ భాయ్ బీరువాల షెడ్డు. పొద్దున్నుంచి రేకు మీద సుత్తి దెబ్బలే. ఆ దెబ్బలకు మా బల్లలు అదిరేవి, బల్లల మీది కాంటాలు అదిరేవి, కాంటాలో అంకె ఒకచోట నిలబడేది కాదు. మూర్తి గారు కిందికి దిగి ఎన్నోసార్లు బతిమాలారు. రషీద్ భాయ్ ప్రతిసారీ చాయ్ ఇచ్చి పంపేవాడు, సుత్తి మాత్రం ఆపేవాడు కాదు.

చివరికి మేమే సర్దుకున్నాం. కిందివాళ్ళు భోజనానికో నమాజుకో లేచినప్పుడే కాంటాలు పరీక్షించాలని నిర్ణయమైంది. సుత్తులు ఆగగానే మూర్తి గారు చెయ్యెత్తేవారు. ఫ్యాన్లు ఆపేవాళ్ళం. ఎవరూ నడవకూడదు, కుర్చీ జరపకూడదు. ఒకరు వెళ్ళి తూకపు రాయిని రెండు చేతులతో మెల్లగా కాంటా మీద పెట్టి వెనక్కి వచ్చేవారు. అంకె పరుగెత్తి, నెమ్మదించి, నిలబడేది. చిట్టీ వచ్చేది. అప్పుడందరం ఊపిరి వదిలేవాళ్ళం. ఇలా పరీక్షించిన కాంటాలు మిఠాయి కొట్లకు, కిరాణా షాపులకు వెళ్ళి ఏళ్ళ తరబడి ఒక్క ఫిర్యాదు లేకుండా పనిచేశాయి.

యాదగిరి అక్షరాలు

అలాంటి రోజుల్లో మాకు గుడిమల్కాపూర్ పూల మార్కెట్టు నుంచి పెద్ద ఆర్డర్ వచ్చింది. అక్కడి కమీషన్ సేట్లు ఒకే ఒక్క షరతు పెట్టారు. చిట్టీ తెలుగులో రావాలి. ఇంగ్లీషు చిట్టీ ఇస్తే ఊళ్ళనుంచి వచ్చే రైతులు మోసమనుకుంటున్నారట.

ఆ పని యాదగిరికి పడింది. హుస్సేనీ ఆలం కుర్రాడు. నాన్న మున్సిపాలిటీలో పనిచేస్తాడు. చేరి కొన్ని నెలలే, ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నాడు. నెలాఖరుకు పర్మనెంట్ కావాలి. వాళ్ళమ్మ అంతదాకా ఆగలేదు, కొడుకు పర్మనెంట్ అయ్యాడని గల్లీ అంతా లడ్డూలు పంచేసింది. ఈ సంగతి యాదగిరే నాకు చెప్పి తల పట్టుకున్నాడు.

అక్షరాలు మాత్రం అందంగా తెచ్చాడు. బంతి, చేమంతి, మల్లె అని కాగితం మీద ముత్యాల్లా వచ్చాయి. కాంటాలు మార్కెట్టుకు వెళ్ళాయి. సరిగ్గా బేరాలు జోరుగా సాగే వేళకు ఒకటి తర్వాత ఒకటి ఆగిపోయాయి. ఆగితే ఆగాయి, చివర చూపించిన అంకెను అలాగే చూపిస్తూ కూర్చున్నాయి. చారెడు మల్లెపూలు పెట్టినా బంతిపూల మూట బరువే చూపిస్తుంటే మల్లెలు అమ్మేవాడికి ఆనందం, కొనేవాడికి గుండెపోటు. అక్కడ మస్తు లొల్లి అయిందని కబురొచ్చింది.

మూర్తి గారు కళ్ళజోడు చాలాసేపు తుడిచారు.

"చూడండి కరుణ గారూ, ఇన్నేళ్ళు లేని జబ్బు ఇప్పుడెలా వచ్చిందంటారు? కొత్తగా మారింది ఆ అక్షరాలే కదండీ. మన తెలుగుకి ఒత్తులూ గుణింతాలూ ఎక్కువ. అవే మెమరీని మింగేస్తున్నాయి."

"సార్, అక్షరాలు ప్రింటర్ తానకు పోయి అయిపోతయి. అవి మెమరీల కూసోవు."

"మరి ఎవరు కూర్చుంటున్నారండీ? నా డ్రైవరా?"

ఆయన నవ్వుతూనే అడిగారు. అప్పటికి నాకూ తెలియదు. ఆయన చివరగా చెప్పింది మాత్రం స్పష్టంగానే ఉంది. నెలాఖరులోపు ఇది తేలకపోతే యాదగిరిని పంపించేస్తానన్నారు. బతుకమ్మ పండగ దగ్గరకొస్తోంది, పూల బేరం రెండింతలవుతుంది, అప్పుడూ కాంటాలు ఆగితే మార్కెట్టు వాళ్ళు అన్నీ వెనక్కి పంపేస్తారు. ఎవరో ఒకరు బాధ్యత తీసుకోవాలి కదండీ అన్నారు.

యాదగిరి మెట్ల మీద నిలబడి ఉన్నాడు. తలుపు పల్చనిది, అంతా వినబడి ఉంటుంది.

"మేడం, నేనేం చేసిన? అక్షరాలు పెట్టిన, గంతే గద. అమ్మకు ఏమని చెప్పాలె? లడ్డూలు వాపస్ అడగాల్నా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వాడంటే నాకు ఇష్టం. పనిలో చేరిన మొదటి వారంలోనే, మనం రాసేదాన్ని ఎవరు వాడుతరు మేడం అని అడిగిన ఒకే ఒక్క కుర్రాడు వాడు.

పెద్ద మందు

మూర్తి గారు ఊరుకోలేదు, తనకు తోచిన వైద్యం చేశారు. కాంటాల్లో మెమరీ చిప్పు తీయించి, రెండింతలు పెద్దది వేయించారు. వేసినందుకు కాంటాలు పొద్దున ఆగడం మానేసి మధ్యాహ్నం ఆగాయి. ఆయన దాన్ని విజయంగానే లెక్కగట్టారు. మధ్యాహ్నానికి బేరాలు తగ్గుతాయి కదండీ అన్నారు. టీ తాగేటప్పుడు ఒకసారి ఆపి మళ్ళీ వేసుకోమని మార్కెట్టు వాళ్ళకు చెబితే ఇంక బాధే ఉండదని కూడా అన్నారు.

పిల్లలూ, ఈ రెండు మాటలూ మీరు జీవితంలో చాలాసార్లు వింటారు. మెమరీ పెంచుదాం, ఆపి మళ్ళీ వేద్దాం. చిల్లుపడిన బిందెకు బదులు పెద్ద చిల్లుబిందె కొన్నట్టు ఉంటుంది ఇది. అయినా పెద్దవాళ్ళు చెబితే తలూపుతాం. నేనూ కాసేపు తలూపాను. తర్వాత లాప్‌టాప్ సంచిలో వేసుకుని, యాదగిరిని తీసుకుని తెల్లవారుజామునే గుడిమల్కాపూర్ బయల్దేరాను. కాంటా ఆగిపోయిందన్న కబురు విన్నాం కానీ, అది పనిచేస్తుండగా మా ఆఫీసులో ఎవరూ చూడలేదు.

మార్కెట్టులో ఎవరూ ఆగరు

అంజయ్య సేటు అని ఒకాయన, మా కాంటాలు తీసుకోమని మిగతా సేట్లను ఒప్పించింది ఆయనే. మమ్మల్ని చూడగానే దండం పెట్టాడు. ఆ దండంలో మర్యాద పాలు తక్కువ.

"రాండ్రి మేడం. మీ కాంటా తెచ్చినందుకు బజార్ల నా ఇజ్జత్ పోయింది. పాత తరాజు గిట్ల అలగకపోతుండె."

ఒక బోర్లించిన గంప చూపించి కూర్చోమన్నాడు. కాంటాకు వైరు తగిలించి, ఎంత మెమరీ మిగిలిందో లాప్‌టాప్‌లో కనబడేలా పెట్టుకున్నాను. మొయినాబాద్ వైపు నుంచి వచ్చిన బాలమణి అనే రైతు బంతిపూల మూట తెచ్చి ధన్ మని కాంటా మీద పడేసింది. పూల మీద చల్లిన నీళ్ళు నా లాప్‌టాప్ మీద కూడా ధారాళంగా పడ్డాయి. చున్నీతో తుడుచుకుంటూ చూస్తున్నాను.

అంకె పరుగు మొదలుపెట్టింది. అది నిలబడేలోపే కొనేవాడు మూట అంచు పట్టి ఎత్తాడు.

"ఏందమ్మా గిది, పూలు అమ్ముతున్నవా నీళ్ళు అమ్ముతున్నవా?"

మూటను దులిపి మళ్ళీ పడేశాడు. అంకె మళ్ళీ పరుగు. ఈసారి బాలమణి ఊరుకోలేదు.

"నీళ్ళు చల్లకుంటె వాడిపోవా? ఇగో, కొసరు ఏస్తున్న తీస్కో."

రెండు దోసిళ్ళ పూలు మూట మీద పోసింది. అంకె మళ్ళీ మొదటికొచ్చింది. గింతేనా అన్నాడు వాడు. ఇంకో దోసెడు పోసింది. అంజయ్య సేటు మధ్యలో దూరి, చాల్లే అని ఒక గుప్పెడు వెనక్కి తీశాడు. ఇంత జరిగాక, ముగ్గురూ అలిసిపోయి చేతులు దించినప్పుడు, అంకె నిలబడి చిట్టీ వచ్చింది. లాప్‌టాప్‌లో చూస్తే, అంకె చెదిరిన ప్రతిసారీ మిగిలిన మెమరీ ఒక మెట్టు దిగింది. దిగింది మళ్ళీ పైకెక్కలేదు.

యాదగిరి నా భుజం మీదుగా తొంగి చూస్తున్నాడు.

"మేడం, చిట్టీ వచ్చినప్పుడు తగ్గుత లేదు. కొసరు ఏసినప్పుడు తగ్గుతున్నది."

అప్పుడు నాకు మొత్తం అర్థమైంది. తూకం మొదలవగానే డ్రైవర్ కెర్నెల్ దగ్గర మెమరీ తీసుకుంటుంది. మూర్తి గారి చెయ్యి పెద్దది, ఒక్కో తూకానికి పెద్ద డేగిశానే అడిగారు. అంకె నిలబడి చిట్టీ వస్తే దాన్ని వెనక్కి ఇస్తారు. నిలబడకుండా చెదిరిందా, ఆ తూకం రద్దు చేసి కొత్తది మొదలుపెడతారు. రద్దయిన తూకం తాలూకు డేగిశా గురించి ఆ కోడ్‌లో ఒక్క మాట లేదు. మిఠాయి కొట్లో డబ్బా పెట్టి మర్యాదగా నిలబడతారు కనుక అక్కడ ఏ తూకమూ రద్దు కాదు. మా ఆఫీసులో అయితే ఊపిరి కూడా బిగబట్టి నిలబడేవాళ్ళం. పూల మార్కెట్టులో కొసరు లేకుండా తూకమే ఉండదు, అంకె నిలబడేదాకా ఆగే ఓపిక ఎవరికీ లేదు. ఒక్కో మూటకు ఐదారు పెళ్ళిళ్ళు ఆగిపోతున్నాయి.

కొట్టండి భాయ్

ఆఫీసుకు వచ్చి ఆ కోడ్ తెరిచాం. అనుకున్నట్టే ఉంది. కానీ తప్పు కనబడటం వేరు, దాన్ని దిద్దేశామని రుజువు చేయడం వేరు. ఆఫీసులో అంకెను పొద్దంతా చెదరగొట్టాలి. యాదగిరి కాసేపు కాంటాను చేత్తో తట్టాడు. చెయ్యి నొప్పెట్టింది. అప్పుడే కింద సుత్తి మోగింది, కాంటాలో అంకె ఎగిరిపడింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇన్నేళ్ళుగా మా లీకును పట్టిచ్చే మనిషి కిందే ఉంటే, ఆయన లేచి వెళ్ళినప్పుడే పరీక్షలు చేస్తూ వచ్చాం.

నేను కిందికి దిగాను. రషీద్ భాయ్ నన్ను చూడగానే సుత్తి పక్కన పెట్టాడు.

"క్యా కరుణక్కా, మళ్ళ బంద్ చెయ్యాల్నా?"

"లేదు భాయ్. ఇయ్యాల కొట్టుండ్రి. మంచిగ గట్టిగ కొట్టుండ్రి."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత పనివాళ్ళ వైపు తిరిగాడు.

"సునా క్యా? ఇన్ని సంవత్సరాలు బంద్ కరో, బంద్ కరో అని నా జాన్ తిన్నరు. ఇప్పుడు కొట్టు అంటున్నరు. అక్కా, తబియత్ ఠీక్ హై నా?"

బాగానే ఉందని చెప్పి, వీలైతే మా బల్ల కింద ఉన్న మూలలో కొట్టమన్నాను. ఆయన ముచ్చటపడి నలుగుర్ని ఆ మూలకు పంపాడు. పైకి వచ్చేసరికి మా ఆఫీసు మొత్తం దడదడలాడుతోంది. పాత డ్రైవర్ ఉన్న కాంటా భోజనాల వేళ కాకముందే ఆగిపోయింది. తెలుగు అక్షరాలు తీసేసి కాంటాను మళ్ళీ నడిపాం. అప్పుడూ ఆగిపోయింది. అంటే అక్షరాలకూ దీనికీ సంబంధం లేదు.

ఇక దిద్దడం. యాదగిరి ఉత్సాహం కొద్దీ, రద్దయిన చోట మెమరీ వెనక్కి ఇచ్చే మాట ఒకటి రాశాడు, పని ముగిసే చోట ఇంకొకటి రాశాడు. రెండు చోట్లా ఒకే డేగిశా. మొదటి సుత్తి దెబ్బకే కాంటా మొత్తం కుప్పకూలింది. ఒకసారి వెనక్కి ఇచ్చిన డేగిశాను టెంట్ హౌస్ వాడు అప్పటికే ఇంకో పెళ్ళికి ఇచ్చేసి ఉంటాడు. అందులో బిర్యానీ ఉడుకుతుంటే మనం వెళ్ళి పొయ్యి మీద నుంచి దించుకొచ్చి మళ్ళీ అప్పజెప్పినట్టయింది. ఇవ్వకపోవడం కంటే రెండుసార్లు ఇవ్వడం ఎక్కువ ప్రమాదం. లీకు మెల్లగా చంపుతుంది, ఇది నిలబడ్డ చోటే చంపుతుంది.

"మేడం, గిట్ల కాదు. ఒక్క చోటనే ఇద్దాం," అన్నాడు వాడే.

అదే సరైన మాట. ఏ దారిన బయటికి పోయినా చివరకు ఒకే గుమ్మం గుండా పోవాలి, వెనక్కి ఇచ్చేది ఆ గుమ్మం దగ్గరే. నేను ఇంకొకటి కలిపాను. తూకం తూకానికీ పరుగెత్తి అడగడమెందుకు? కాంటా వేయగానే ఒక్కసారి తెచ్చుకుని, ప్రతి తూకానికీ దాన్నే కడిగి వాడుకుంటే సరి. అలా రాసి మళ్ళీ పెట్టాం. రషీద్ భాయ్ మనుషులు సాయంత్రం దాకా కొట్టారు. మిగిలిన మెమరీ గోడకు మేకు కొట్టినట్టు అక్కడే ఉంది. యాదగిరి సంతోషం పట్టలేక కిందికి పరుగెత్తి అందరికీ చాయ్ చెప్పి వచ్చాడు.

ఆ ఒక్క లైను

అసలు చిక్కు ఇక్కడ మొదలైంది. మా పనిలో ఒక ఆచారం ఉంది. తప్పు దిద్దే మార్పును పంపేటప్పుడు, ఆ తప్పు పాత మార్పుల్లో దేనితో లోపలికి వచ్చిందో, అంకెలూ అక్షరాలూ కలిసిన దాని నంబరు అడుగున ఒక లైనులో రాయాలి. ఎవరినో బోనెక్కించడానికి కాదు ఇది. ఆ పాత మార్పు ఏయే మెషీన్లలోకి వెళ్ళిందో, ఈ దిద్దుబాటు కూడా వాటన్నిటికీ వెళ్ళాలి కనుక. అయితే ప్రతి మార్పు పక్కనా రాసినవాళ్ళ పేరుంటుంది. యాదగిరి వెతికి నంబరు పట్టుకున్నాడు. పక్కన ఉన్న పేరు మూర్తి గారిది. అది చూడకముందే మాకు తెలుసనుకోండి, ఆ డ్రైవర్ కథ చాయ్‌తో సహా అందరం విన్నవాళ్ళమే.

"మేడం, గీ లైను తీసేద్దామా? తప్పు దిద్దినం గద. ఎవరు చేసిన్రో ఎందుకు?"

"ఆ లైను లేకుంటె నేను చూసినట్టు నా పేరు పెట్ట. దిద్దుబాటు ఎక్కడికి పోవాల్నో ఎవరికి తెలుస్తది?"

"పర్మనెంట్ కాగితం మీద సంతకం పెట్టేది ఆయనే గద మేడం."

వాడు చెప్పిందీ నిజమే. నాకు భయమేసింది. మూర్తి గారికి తన డ్రైవర్ అంటే ఎంత ప్రాణమో నాకు తెలుసు. దాన్ని వేలెత్తి చూపిన మార్పు మీద ప్రొబేషన్ కుర్రాడి పేరుంటే, ఆ కుర్రాడు ఏమవుతాడో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. నా పేరు మీద పంపిస్తాను, నన్నేం చేస్తారు, రిటైర్మెంట్ దగ్గరపడింది అన్నాను. వాడు కీబోర్డు తన వైపు జరుపుకున్నాడు.

"వద్దు మేడం. నేను రాసిన, నా పేరే ఉండనియ్యుండ్రి. ఉద్యోగం పోతే పోయింది. అమ్మకు నేను చెప్పుకుంట."

ఏదో సర్దుకునే పని ఉన్నట్టు సంచిలో చెయ్యి పెట్టి వెతికాను. సంచిలో బంతి రేకులు తప్ప ఏమీ లేవు.

మర్నాడు మూర్తి గారు తెర ముందు కూర్చుని ఆ మార్పు చదివారు. మార్కెట్టులో చూసింది నేను చెప్పాను, సుత్తుల సంగతి కూడా చెప్పాను. ఆయన నవ్వలేదు. ఒక్క గుమ్మం దగ్గరే వెనక్కి ఇచ్చే పద్ధతి చూసి తలూపారు. కిందికి వచ్చి ఆ చివరి లైను దగ్గర ఆగిపోయారు. కళ్ళజోడు తీశారు. తుడవడం మొదలుపెట్టారు. నేను అంతసేపు తుడవడం ఎప్పుడూ చూడలేదు. యాదగిరి గోడకు ఆనుకుని, చేతులు వెనక కట్టుకుని నిలబడ్డాడు.

"ఈ లైను తప్పు," అన్నారు మూర్తి గారు.

నాకు కోపమొచ్చింది. ఆయన ముందు ఎప్పుడూ ఎత్తని గొంతు ఎత్తబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆగండి కరుణ గారూ. ఇది నేను ఆ కోడ్‌ని పాత ఫైల్లోంచి కొత్త ఫైల్లోకి మార్చిన నాటి నంబరు. తప్పు ఆ రోజు పుట్టలేదండీ. అంతకుముందే, మొట్టమొదటి రోజునే రాశాను నేను. ఈ నంబరు వేస్తే అంతకుముందు అమ్మిన పాత మిఠాయి కొట్ల కాంటాలకి మన దిద్దుబాటు అందదు. మీరు కూడా చూసుకోలేదేంటండీ?"

నిజంగానే నేను చూసుకోలేదు. ఆయన యాదగిరి వైపు తిరిగారు.

"నా తప్పు ఎక్కడ పుట్టిందో సరిగ్గా రాయలేనివాణ్ణి పర్మనెంట్ ఎలా చేస్తానయ్యా? రా, కూర్చో. సరిచేసి ఇయ్యి. దీని మీదా, నీ పర్మనెంట్ కాగితం మీదా ఒకేసారి సంతకం పెడతాను."

యాదగిరి కూర్చున్నాడు. నంబరు రెండుసార్లు తప్పు కొట్టాడు. మూర్తి గారు కళ్ళజోడు పెట్టుకుని, వాడి కుర్చీ వెనక నిలబడి, తన మొదటి రోజు నంబరును ఒక్కో అక్షరం విడదీసి చదువుతూ కొట్టించారు.